శారీ గార్డు మీద ఎర్రచుక్క

మా ఇంట్లో అనుమానం నా వంతు, నమ్మకం మా ఆయన వంతు. పెళ్ళయిన కొత్తలోనే అలా పంచుకున్నాం. పాలల్లో నీళ్ళు కలిశాయని నేను పాలవాడితో పోట్లాడుతుంటే, "పోనీలే, గేదె నీళ్ళెక్కువ తాగిందేమో" అనే మనిషి ఆయన. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం. ఆ మనిషితో కలిసి అమెరికా వచ్చి, మిషిగన్‌లో కార్ల ఫ్యాక్టరీల పక్కన ట్రాయ్ అనే ఊళ్ళో కాపురం పెట్టాను. ఇద్దరూ కళ్ళు మూసుకుంటే సంసారం సాగదు కదా. అందుకని నావి ఎప్పుడూ తెరుచుకునే ఉండేవి.

అది డెబ్భై ఎనిమిది. ఆయన కార్ల విడిభాగాలు డిజైన్ చేసే ఆఫీసులో ఇంజనీరు. వీసా గడువు దగ్గరపడుతోంది, వాళ్ళ ఆఫీసు ఏ సంగతీ తేల్చడం లేదు. నాకేమో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్ ఉద్యోగం దొరికింది. ప్రొబేషన్ సవ్యంగా పూర్తయితే గ్రీన్‌కార్డ్‌కి స్పాన్సర్ చేస్తామన్నారు. చీర మీద తెల్లకోటు వేసుకుంటే చాలు, కానీ పొద్దున్న ఏడింటికి బల్ల దగ్గర ఉండాల్సిందే, ఆలస్యమైతే రేపటినుంచి రానక్కర్లేదు అని మా సూపర్‌వైజర్ మొదటిరోజే చెప్పింది. మేమిద్దరం ఈ దేశంలో ఉంటామా, పెట్టె సర్దుకుంటామా అన్నది నేను ఏడింటికి చేరడం మీద ఆధారపడింది.

సరిగ్గా అప్పుడే మా పాత కారు ట్రాన్స్‌మిషన్ పోయింది. బాగుచేయించే స్తోమత లేదు, ఆ ఊళ్ళో బస్సు అన్న మాట లేదు. మా ఆయన ఆఫీసులో ఎవరో అమ్మేస్తున్న పాత జపాన్ మోటార్ సైకిల్ తోలుకొచ్చారు. కార్లు పుట్టే ఊళ్ళో కారు లేక, అదీ జపాన్ బండి మీద తిరిగే ఇంజనీరు ఈయనొక్కరే అయ్యుంటారు. చలికాలం వచ్చేలోపు కారు కొనేద్దాం, అందాకా దీనిమీదే దింపుతాను అన్నారు. నేను బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, వాడెందుకు అమ్ముతున్నాడని అడిగాను. "కొత్తది కొనుక్కున్నాడే" అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు గానీ వేరే దారీ లేదు.

బెజవాడలో ఆయన వెనక ఎలా కూచునేదాన్నో ఇక్కడా అలాగే కూచున్నాను. రెండు కాళ్ళూ ఎడమ పక్కకి వేసి, కుడిచెయ్యి ఆయన భుజం మీద, ఒళ్ళో లంచ్ బ్యాగు. హెల్మెట్ పట్టదని కొప్పు విప్పి జడ వేసుకున్నాను. ప్యాంటు కొనుక్కుని అటో కాలు ఇటో కాలు వేసి కూచోమన్నారు ఆయన. చచ్చినా కూచోనన్నాను. మా ఊళ్ళో బండి రోడ్డుకి ఎడమవైపు పోతుంది కనక కాళ్ళు పేవ్‌మెంట్ వైపు ఉండేవి. ఇక్కడ కుడివైపు పోతారు. అంటే నా కాళ్ళు తిన్నగా ఎదురొచ్చే కార్ల వైపు చూస్తున్నాయన్నమాట. ఈ సంగతి నాకు తట్టలేదు. ఇంజనీరుకీ తట్టలేదు.

ఇంకోటి కూడా తట్టలేదు. మా దగ్గర ఏ బండి కొన్నా వెనక చక్రానికి ఎడమపక్కన ఇనప జాలీ బిగించి ఉంటుంది, ఆడవాళ్ళ చీర చక్రంలో పడకుండా. శారీ గార్డు. దాన్ని ఎవరూ అడిగి పెట్టించుకోరు, బండితోపాటే వస్తుంది. చీరలే లేని దేశంలో శారీ గార్డు ఎందుకుంటుంది?

మొదటి వారం నన్ను పీడించింది చీర కాదు, చేతులు. ఎదురుగా మోటార్ సైకిల్ మీద వచ్చే ప్రతివాడూ ఎడమచెయ్యి హ్యాండిల్ మీంచి తీసి, కిందికి చాపి, రెండు వేళ్ళు చూపించేవాడు. వాళ్ళ వాలకాలు చూస్తే భయమేసేది. బొడ్డుదాకా గడ్డాలు, గ్రీజు మరకల తోలు కోట్లు, సీటు వెనక తాళ్ళతో కట్టిన పనిముట్ల మూటలు. వాళ్ళంతా ముఠాలు కట్టి తిరుగుతారనీ, గొలుసులతో కొట్టుకుంటారనీ మా తెలుగువాళ్ళలో ఒక పెద్దావిడ చెప్పి ఉంది. అలాంటివాళ్ళు నా కాళ్ళ వైపు వేళ్ళు చూపించడమేమిటి? రెండురోజులు ఓపిక పట్టి, మూడోరోజు ఆయన వీపు మీద పొడిచాను.

"ఎవరండీ వాడు?"

"తెలీదే."

"తెలీకపోతే చెయ్యెందుకు చూపించాడు? మీరెందుకు చూపించారు?"

బండి నడిపేవాళ్ళ పలకరింపు అట అది. తెలిసినవాడైనా, తెలియనివాడైనా చెయ్యి కిందికి చూపించి పోవాలట. అంతే కాదు, దారిలో బండి ఆగిపోతే హెల్మెట్ తీసి నేల మీద పెడితే చాలట, ఆ దారిన వచ్చే మొదటివాడు ఆగి సాయం చేస్తాడట. ఇదంతా ఆఫీసులో బండి అమ్మినవాడు నేర్పాడు. కొత్తగా మతం పుచ్చుకున్నవాడిలా మా ఆయన మొహం వెలిగిపోతోంది. ఊరూ పేరూ తెలియనివాడు ఊరికే సాయం చేస్తాడా? ఏదో ఆశించే చేస్తాడు. నేనా మాట అంటే ఆయన నవ్వారు.

తర్వాతి వారం ఒకరోజు పొద్దున్న పదహారో మైలు రోడ్డు అనే పెద్ద రోడ్డు మీద పోతున్నాం. ఎదురుగా ఒక పెద్ద బండి, నేల అదిరే చప్పుడు, దానిమీద ఎర్రగడ్డంవాడు. అందరిలాగే చెయ్యి దించాడు. దించినవాడు దించినట్టే ఉండి, నన్ను దాటుతూ తల తిప్పి మరీ చూశాడు. నాకు ఒళ్ళు మండింది. వెనక్కి చూద్దును కదా, వాడు బండి తిప్పేశాడు! మా వెనకే వస్తున్నాడు. హారన్ కొడుతున్నాడు. చెయ్యి కిందికి చూపించి ఏదో అరుస్తున్నాడు.

"ఆపకండి, పోనివ్వండి" అన్నాను ఆయన భుజం గిల్లుతూ. ఆయనకీ భయం వేసినట్టుంది, వేగం పెంచారు. కానీ ముందు ఎర్రలైటు పడింది. మా బండి ఆగీ ఆగకముందే గడ్డంవాడు పక్కన దిగి, ఒక్క అంగలో వచ్చి, మా బండి తాళం చెవి తిప్పి ఇంజన్ ఆపేశాడు. ఇంకేముంది, కొంప మునిగిందనుకున్నాను. ఒళ్ళో ఉన్న లంచ్ బ్యాగుతో వాడి భుజం మీద ఒక్కటిచ్చాను. వాడు లెక్క చెయ్యలేదు. జేబులోంచి కత్తి తీశాడు.

నేను కేక పెట్టానో లేదో నాకు గుర్తులేదు, పెట్టానని మా ఆయన అంటారు. వాడు మోకాళ్ళ మీద కూచుని, నా మంగళగిరి చీర అంచు పట్టుకుని పరపరా కోశాడు. కోసి, బండి గొలుసులోంచి నల్లగా నలిగిపోయిన గుడ్డ ముక్క లాగి నా మొహం ముందు పెట్టాడు. కుచ్చిళ్ళ అంచు గాలికి లేచి గొలుసులోకి పోయింది. పళ్ళచక్రం దాకా పోలేదు, అంతే. ఇంకో సందు దూరం పోయుంటే చీరతోపాటు నేనూ ఆ చక్రంలోకే పోయేదాన్ని. వాడు అరిచింది దాని గురించి. చెయ్యి కిందికి చూపించిందీ దానికే.

ఆరోజు అంచు తెగిన చీర మీదే తెల్లకోటు వేసుకున్నాను. అయితే ఏడింటికి రెండు నిమిషాల ముందే బల్ల ముందు నిలబడ్డాను.

సాయంత్రం తెలిసింది, గడ్డంవాడు మా ఆయనతో ఒక ఏర్పాటు చేసుకున్నాడని. చక్రం పక్కన మూత లాంటిది ఏదైనా ఉండాలన్నాడట. మా ఆయన మా దేశంలో అలాంటిది ఉంటుందని రోడ్డు పక్కనే కాగితం మీద బొమ్మ గీసి చూపించారట. శనివారం వచ్చి బండి తీసుకెళ్ళి, అలాంటిదే చేసి బిగించి, ఆదివారం సాయంత్రం తెచ్చిస్తానన్నాడట. వాడు ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో పనివాడు, ఇంట్లో వెల్డింగ్ సామాను ఉంది.

కందకి లేని దురద కత్తిపీటకెందుకు అన్నాను. నా చీర, నా కాలు, వాడికెందుకు బాధ? వాడికి తాళం చెవి ఇవ్వడం దొంగ చేతికి తాళాలివ్వడమే. బండి పోతే సోమవారం పొద్దున్న నేను ల్యాబ్‌కి ఎలా పోవాలి? పోకపోతే మన గతేమిటి? వాడి పేరేమిటి? వాడుండేది ఎక్కడ? ఆయన మా అపార్ట్‌మెంట్ అడ్రసు వాడికి చెప్పారు గానీ వాడిది అడగలేదు.

"చెయ్యి చూపించేవాళ్ళు మోసం చెయ్యరే" అన్నారు.

ఆ మనిషితో వాదించి లాభం లేదు. నా జాగ్రత్త నేను పడ్డాను. మా అన్నయ్య స్కూటర్ ఒకసారి షెడ్డుకిస్తే, మెకానిక్ మంచి కార్బురేటర్ ఊడదీసి పాడైంది పెట్టి పంపాడు. అప్పటినుంచీ మా పుట్టింట్లో ఏ బండి షెడ్డుకి పోయినా ముందే ప్రతి భాగం మీదా ఒక గుర్తు పెట్టేవాళ్ళం. గుర్తుంటే మన వస్తువు, లేకపోతే మార్చేశాడన్నమాట. శుక్రవారం సాయంత్రం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు నేను ఎర్రటి గోళ్ళరంగు సీసా పట్టుకుని పార్కింగ్‌లోకి దిగాను. కార్బురేటర్ మీద ఒక చుక్క. బ్యాటరీ మీద ఒకటి. చక్రాల మధ్య ఒక్కొక్కటి, లైటు వెనక, ట్యాంకు కింద, చేతికి అందిన ప్రతిచోటా ఒక్కో చిన్న చుక్క. పని ముగించి పైకొచ్చేసరికి ప్రాణం కాస్త కుదుటపడింది.

శనివారం గడ్డంవాడు వచ్చాడు, బాల్కనీలోంచి నేను చూస్తుండగానే మా బండి ఎక్కి పోయాడు. మా ఆయన చెయ్యి కిందికి చూపించి సాగనంపారు.

ఆదివారం సాయంత్రమైంది. వాడు రాలేదు. వంట చేశాను, తిన్నాం, గిన్నెలు కడిగాను, రాలేదు. నేనేమీ అనలేదు. అనకపోవడమే ఆయన్ని ఎక్కువ భయపెట్టినట్టుంది, కిటికీ దగ్గరే కూచున్నారు. సోమవారం తెల్లవారి చీర కట్టుకుని, కోటు మడిచి సంచిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. మనసులో పెట్టె సర్దడం కూడా మొదలుపెట్టాను, ఏ చీర కింద పెట్టాలి, ఏ గిన్నె ఎవరికివ్వాలి అని.

ఆరున్నరకి కింద బండి చప్పుడైంది.

వాడు ఫ్యాక్టరీ బట్టల్లోనే ఉన్నాడు, మొహమంతా నిద్రలేని జిడ్డు. ఆదివారం అనుకోకుండా ఓవర్‌టైమ్‌కి పిలిచారట, అక్కణ్ణుంచి తిన్నగా వచ్చాడు. మా ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేస్తున్నారు. నేను అటు చూడలేదు. బండి దగ్గర కూచుని నా చుక్కలు వెతుక్కున్నాను. కార్బురేటర్ మీద ఉంది. బ్యాటరీ మీద ఉంది. అన్నీ ఉన్నాయి. వెనక చక్రం పక్కన ఫ్రిజ్‌లో వైరు తట్ట లాంటిది వంచి, చక్కగా అతికి, నల్లరంగు వేసి ఉంది. అచ్చం మన శారీ గార్డే. దాని నడిమధ్యన ఒక ఎర్రచుక్క.

అది నేను పెట్టింది కాదు.

తలెత్తాను. వాడు నన్నే చూస్తున్నాడు. ఆ చుక్క మీద వేలు పెట్టి చూపించి, తల ఊపి, నవ్వాడు. నా ప్రాణం చచ్చిపోయింది. నా ఎత్తు కనిపెట్టేశాడు! నువ్వు నన్ను దొంగననుకున్నావు, ఇదిగో నీ గుర్తు నేనే పెట్టుకొచ్చాను అని వెక్కిరిస్తున్నాడు. థాంక్స్ కూడా చెప్పలేదు. గబగబా బండెక్కి కూచున్నాను. ఏడింటికి ల్యాబ్‌లో ఉన్నాను, చీర అంచు చెక్కుచెదరలేదు. ఆ ఎండాకాలమంతా చెదరలేదు. ప్రొబేషన్ పూర్తయింది, కాయితాలు కదిలాయి, చలికాలానికి కారు కొన్నాం, ఈ దేశంలో ఉండిపోయాం.

గడ్డంవాడు మా ఆయనకి స్నేహితుడైపోయాడు. ఆదివారాలు కలిసి తిరిగేవాళ్ళు. ఇంటికొస్తే నేను కాఫీ ఇచ్చి లోపలికెళ్ళిపోయేదాన్ని. నాకు వాడి మొహం చూడబుద్ధయ్యేది కాదు. వాడి నవ్వులో నాకెప్పుడూ ఆ చుక్కే కనపడేది. ఇన్నేళ్ళూ ఆ చుక్కల సంగతి వాడు మా ఆయనకి ఎందుకు చెప్పలేదు? మనసులో ఏదో దాచుకుని ఉంటాడు, ఎప్పుడో ఒకప్పుడు బయటపెడతాడు అని కాచుకుని ఉన్నాను.

ఈలోగా రోడ్డు మీద బళ్ళవాళ్ళు మారిపోయారు. నాకు వాళ్ళంటే ప్రేమేమీ లేదు గానీ, అనుమానంతో చూసే కంటికి మార్పు ముందు తెలుస్తుంది. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. గ్రీజు కోట్లవాళ్ళు బళ్ళు అమ్ముకుని దక్షిణాదికి పనులు వెతుక్కుంటూ పోయారు. మా గడ్డంవాడి ఉద్యోగమూ పోయింది. వాళ్ళ జాగాలోకి పళ్ళ డాక్టర్లు, లాయర్లు వచ్చారు. కిరకిరలాడే కొత్త తోలు కోట్లు, మొగుడికీ పెళ్ళానికీ ఒకే రంగు హెల్మెట్లు, బండిలోనే క్యాసెట్ ప్లేయర్. బండిని ట్రైలర్ మీద ఎక్కించుకుని కారుతో లాక్కెళ్ళి, ఊరవతల దింపుకుని నడిపేవాళ్ళనీ చూశాను. పనిముట్ల మూటలు మాయమయ్యాయి. చెయ్యి చూపించడం మాత్రం పెరిగింది. ఒకసారి మా ఆయన బండి ఆగిపోయి, హెల్మెట్ నేల మీద పెట్టి నిలబడితే, వచ్చినవాళ్ళంతా ఎంతో మర్యాదగా రెండు వేళ్ళు చూపించి వెళ్ళిపోయారట. ఆ మాట చెబుతూ ఆయన నవ్వలేదు. మర్నాడే బండి అమ్మకానికి పెట్టేశారు.

గడ్డంవాడు బండి అమ్ముతున్నాడని తెలిసింది ఎనభై ఎనిమిదిలో. మోకాళ్ళు పోయాయి, ఇక నడపలేడు. గరాజ్ ముందు సామానంతా పరిచి అమ్మేస్తున్నాడంటే మా ఆయన చూసొద్దాం రమ్మన్నారు. పదేళ్ళలో ఆ ఇంటికి నేను వెళ్ళడం అదే మొదలు. గడ్డం తెల్లబడిపోయింది, కర్ర పట్టుకుని కుర్చీలో కూచున్నాడు. బండి తుడిచి ఎండలో పెట్టి ఉంది. ఒక కుర్రాడు, ఒంటిమీద తోలు కోటుకి ధర చీటీ ఒక్కటే తక్కువ, దాని చుట్టూ తిరుగుతున్నాడు. నేను వాడిని ఎగాదిగా చూస్తున్నాను. వాడు కార్బురేటర్ దగ్గర వంగి గోటితో ఏదో గీకుతున్నాడు.

ఎర్రచుక్క.

ఒకటి కాదు. బ్యాటరీ మీద ఒకటి. చక్రాల మధ్య ఒక్కొక్కటి. లైటు వెనక, ట్యాంకు కింద. నేను మా బండికి ఎక్కడెక్కడ పెట్టానో అక్కడక్కడే, వాడిపోయి కొన్ని, కొత్తగా దిద్దినవి కొన్ని.

"అవి గీకకు" అన్నాడు గడ్డం ఆయన కుర్చీలోంచి. నన్ను కర్రతో చూపించాడు. "ఆవిడ వాళ్ళ దేశంలో బండికి బొట్టు పెడతారు. చూడు, ఆవిడ నుదుటి మీద ఉందే, అదే. ఒకసారి వాళ్ళ బండికి నేనో ముక్క అతికాను. మిగతా అన్నిటికీ బొట్టుండి దానికి లేకపోతే ఎలా అని నేనే పెట్టాను. ఆవిడకి చూపించాను కూడా. తర్వాత నా బండికీ పెట్టుకున్నాను. పదేళ్ళు, మంచులో, వానలో. ఒక్కసారీ పడలేదు."

మా ఆయన నా వైపు తిరిగారు. బండికి బొట్టా, ఎప్పుడు పెట్టావు అన్నట్టు చూస్తున్నారు. నేను తల తిప్పుకుని బండి వైపు చూశాను. సిగ్గుతోనో దేనితోనో చెప్పలేను.

కుర్రాడు నిలబడి, చేతులు తుడుచుకుంటూ నన్ను అడిగాడు. నిజమేనా, ఇవి దేనికి పెడతారు అని. వాడి కంట్లో అనుమానం నాకు బాగా తెలుసు, నాకు రోజూ అద్దంలో కనపడేదే. ముసలాయన కథలు చెప్పి బండి అంటగడుతున్నాడనుకుంటున్నాడు. ఆ చుక్కల అర్థం ఆ వాకిట్లో నాకొక్కదానికే తెలుసు. నిన్ను నేను నమ్మను అని.

"క్షేమంగా ఇంటికి రమ్మని" అన్నాను. "చెరిపేస్తే మాత్రం నా పూచీ లేదు."

కుర్రాడు బండి మీంచి చెయ్యి తీసేశాడు.